నీలం గుంపులో నారింజ సూటు

మెరిడియన్,
ఈస్టరు వెళ్ళిన సోమవారం.

సముద్రం అవతల ఉన్న నా ఇల్లాలు వర్నెటాకి,

నీ రోస్కో రాసేది. ఇక్కడ నేనూ, పిల్లా, నీ గులాబీ మొక్కలూ క్షేమం. అక్కడ నౌకాదళ ఆసుపత్రిలో నువ్వూ, నీ చేత సూదులు పొడిపించుకునే ఆ నావికులందరూ క్షేమమని తలుస్తాను. సోమవారం కదా, షాపుకి సెలవు. కత్తెర పక్కన పెట్టి కలం పట్టుకున్నాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. లేకపోతే కిందటిసారిలా "అడిగింది చెప్పకుండా ఊరి కబుర్లన్నీ రాశావు" అని దెప్పుతావు. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను. ఉప్పు తగ్గించాను. చర్చి విందులో వేయించిన చేప తిన్న మాట నిజమే. ఆ వార్త జపాన్ దాకా మోసినావిడ ఎవరో కూడా నాకు తెలుసు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కారు చప్పుడు తగ్గలేదు కానీ, రేడియో గట్టిగా పెడితే వినబడటం లేదు.

ఇక నీ పెద్ద ఫిర్యాదు. "పిల్లని హాస్టల్లో దింపిన రోజు గురించి నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు, కన్నతల్లిని పక్కన లేకపోయాను, వివరంగా రాయి" అని మళ్ళీ అడిగావు. సరే, ఆ రోజుతోనే మొదలుపెడతాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికీ మూలం ఆ రోజే అనిపిస్తోంది.

ఆగస్టు ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. జకియా గది మూడో అంతస్తులో. లిఫ్టు పాడైంది. నేను చిన్న ఫ్రిజ్‌ని భుజానికెత్తుకుని మొదటి మలుపు దగ్గరే ఆవిరైపోతుంటే, నెమలి నీలం చొక్కాలేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు వచ్చి చెరోవైపు పట్టారు.

"బాబాయ్‌గారూ, మీరు పక్కకి జరగండి. మీకేమైనా అయితే మోయాల్సింది మళ్ళీ మేమే" అంది అందులో ఒకతి.

అదే కాలేజీలో నువ్వు చేరిన నారింజ ఆడపిల్లల సంఘానికీ ఆ నీలం సంఘానికీ మధ్య ఉన్న పోటీ తెలిసినవాణ్ణి కాబట్టి, ఫ్రిజ్ ఇచ్చాను కానీ నవ్వు మాత్రం ఇవ్వలేదు. నీ మీద విశ్వాసం అలాంటిది.

గదిలో సామాను సర్దాం. నువ్వు కుట్టిన కర్టెను సరిపోయింది. నువ్వు అల్లి పంపిన నారింజ దుప్పటి నేనే మంచం మీద పరిచాను. జకియా దాన్ని రెండుసార్లు చేత్తో నిమిరి, మడతపెట్టి, కింది సొరుగులో పెట్టేసింది. "ఉక్కగా ఉంది నాన్నా, తర్వాత తీస్తాను" అంది. ఏసీ గాలికి నా పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా నమ్మాను.

దాని చదువు సంగతి నీకు తెలిసిందే. రసాయన శాస్త్రంలో క్లాసుకి మొదటిది. షాపుకొచ్చిన ప్రతి తలకీ ఆ సంగతి చెప్పాకే దువ్వెన పెడుతున్నాను. క్రిస్మస్ సెలవులయ్యాక మాత్రం మనిషి మారింది. ఆదివారం ఫోన్లు తగ్గాయి. చేసినా ఆవలింతలే. "ఏంటమ్మా, ఏదో దాస్తున్నట్టున్నావు" అన్నాను ఒకసారి. "నేనేం దాస్తాను? నేనెందుకు దాస్తాను? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని గుక్క తిప్పుకోకుండా మొదలెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

నాకు అర్థమైపోయింది. నీతో కాపురం చేసినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? సంఘంలో చేరబోయే పిల్ల నోరు కుట్టేసుకుంటుంది, అందరి ముందుకీ వచ్చే రోజు దాకా కన్నవాళ్ళకైనా చెప్పదు. నేనూ మళ్ళీ అడగలేదు. లోపల మాత్రం పొంగిపోయాను. నీ నగల పెట్టెలో పిల్ల కోసం దాచిన మీ సంఘం గుర్తు, ఆ నారింజ పిన్ను తీసి మెరుగు పెట్టించాను కూడా.

పోయిన నెలలో ఒకరోజు ఫోన్ చేసి, "నాన్నా, శనివారం నాలుగింటికి భోజనశాల ముందు మైదానానికి రాగలవా?" అని అడిగింది, అంతే. ఏ రంగో చెప్పలేదు. నేనూ అడగలేదు. సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడా అని అడుగుతామా?

ఆ సాయంత్రమే వెళ్ళి నారింజ సూటు కొన్నాను. కోటు, పంట్లాం, టోపీ, బూట్లు, అన్నీ ఒకే రంగు. షాపులో వేసుకుని చూపిస్తే ముసలి లూథర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఒరే రోస్కో, నువ్విలా రోడ్డు మీద నిలబడ్డావంటే కార్లు ఆగిపోతాయిరా!"

"ఆగనీ. దిగి నా కూతుర్ని చూసి పోతారు" అన్నాను.

నీతోపాటు ఒకే వరసలో నిలబడి సంఘంలో చేరిన మన ఒరీతాకి కూడా ఫోన్ చేశాను. "ఈ శనివారమా? మనవాళ్ళ కార్యక్రమం ఉందని నాకెవరూ చెప్పలేదే బావా" అని కాస్త నసిగింది. అయినా నారింజ శాలువా కప్పుకుని జాక్సన్ నుంచి కారేసుకుని వచ్చింది.

మైదానానికి చేరేసరికి ఎటు చూసినా నీలం. నీలం గొడుగులు, నీలం చీటీలు, ఆఖరికి పసిపిల్లల టోపీలు కూడా నీలమే. మధ్యలో మేమిద్దరం, సొంత పొలం దారి తప్పిన గుమ్మడికాయల్లాగా. ఒరీతా చుట్టూ చూసి నా చెయ్యి గిల్లింది.

"బావా, మనం వేరేవాళ్ళ పెళ్ళికొచ్చాం. ఎవరూ చూడకముందే పద."

"ఈ బట్టలతోనా ఎవరూ చూడకుండా?" అన్నాను.

మేము కుర్చీల్లోంచి లేచి కదిలేలోపే పిల్లలు వచ్చేశారు. ముఖాలకి ముసుగులు, చేతులు పెనవేసుకుని, పొట్టిదాని వెనక పొడుగుది చొప్పున ఒకే వరస. ఒకరి కాలు లేస్తే అందరి కాళ్ళూ లేస్తున్నాయి. నేల అదిరిపోతోంది. తల వంచుకుని బయటికి దారి చూసుకుంటున్న నాకు, వరస చివర ఒక జత కాళ్ళు కనబడ్డాయి. ప్రతి దెబ్బకీ ఎడమ మడమ కాస్త బయటికి విసురుతోంది. వర్నెటా, ఆ మడమ వంటింట్లో పొయ్యి ముందు ఎన్నేళ్ళు చూశాను! నువ్వు కూరాకు కడుగుతూ మీ సంఘం అడుగులేస్తుంటే, ఇంత ఉన్నప్పుడు పక్కన నిలబడి నేర్చుకుంది అది.

"కూర్చో ఒరీతా, అది మన పిల్ల" అన్నాను.

ఒరీతా కూర్చోలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

ముసుగులు తీశారు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి పేరూ ఊరూ చెబుతున్నారు. ఆఖరున జకియా వచ్చింది. గుంపులో నా సూటు చూసింది. తర్వాత గడ్డం పైకెత్తి, మైదానం అంతా వినబడేలా అరిచింది: "నేను వర్నెటా కూతుర్ని! మెరిడియన్ నుంచి వచ్చాను! నా పేరు జకియా!"

తన పేరు కంటే ముందు నీ పేరు చెప్పిందే! నీ పేరు ఆ మైదానంలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఇరవై ఏళ్ళ కిందట నువ్వు అక్కడ వేసిన అడుగుల గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారట. గుంపంతా మా నారింజ బట్టల వైపు తిరిగింది. అప్పుడు ఒరీతా ఏం చేసిందో తెలుసా? శాలువా సవరించుకుని, మీ నారింజవాళ్ళ కేక ఒంటరిగా, గొంతు చించుకుని వేసింది. నీలంవాళ్ళు ఆ కేక పూర్తయ్యేదాకా ఆగారు. తర్వాత వాళ్ళ కేక వేశారు. నేను ఏడ్చాను. దాచను, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇదీ నేను నెల్లాళ్ళుగా నీకు రాయలేక దాచిన సంగతి. మన పిల్ల నీ సంఘంలో చేరలేదు వర్నెటా. నీలంలో చేరింది.

కార్యక్రమం అయ్యాక కారు దగ్గర నిలదీశాను. "మీ అమ్మ ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో తెలుసా నీకు?"

"తెలుసు నాన్నా. అందుకే చెప్పలేకపోయాను. అమ్మ సంఘం తలుపు నేను తడితే, వర్నెటా కూతురొచ్చిందని పీట వేసి కూర్చోబెట్టేవాళ్ళు. నేనెవరో ఎవరికీ అక్కర్లేకపోయేది. అమ్మ వెళ్ళినప్పుడు అమ్మకెవరున్నారు? ఎవరి పేరూ చెప్పుకోకుండా, తనంతట తనే వెళ్ళి తలుపు తట్టింది కదా. నేనూ అలాగే వెళ్దామనుకున్నాను."

దీనికి నీ దగ్గర జవాబుంటే రాయి.

"నువ్వే ముందు చెప్పు నాన్నా. అమ్మ తిడితే పడతాను. మాట్లాడకుండా ఉండిపోతే మాత్రం తట్టుకోలేను" అని ఏడ్చింది. అందుకే ఈ ఉత్తరం.

తర్వాత సామాను మోయడానికి దాని గదికి వెళ్ళాను. నీలంవాళ్ళ ఇంటికి మారుతోంది. నీ దుప్పటి మంచం మీద ఉంది, నలిగి, ఒక కొస దారం ఊడి. గదిలో తోడుండే పిల్ల నవ్వింది. "అది లేకపోతే తనకి నిద్ర పట్టదు అంకుల్. రోజూ పొద్దున్నే లేచి ఎవరూ చూడకుండా సొరుగులో దాస్తుంది, ఇవాళ హడావిడిలో మరిచిపోయింది." నేనే దాన్ని మడతపెట్టి కొత్త గదికి మోశాను. అక్కడి నీలం పిల్లల కళ్ళముందే మంచం మీద పరిచాను. వాళ్ళలో ఒకతి వచ్చి రెండో కొస సరిచేసింది.

నువ్వు జూన్‌లో వచ్చాక కొత్త పిల్లలకి వాళ్ళ సంఘం పిన్ను పెట్టే వేడుక ఉంది. ప్రతి పిల్ల పక్కనా ఒక పెద్దావిడ నిలబడాలి. జకియా నీ పేరే ఇచ్చింది. నువ్వు నారింజ వేసుకుని రావచ్చా అని నేను అడిగాను. రావచ్చన్నారు. నా సూటుకి నీలం టై కొన్నాను, మీరిద్దరూ ఇంటికొస్తే వండిపెట్టేది నేనే కాబట్టి ఎవరితోనూ తగువు పెట్టుకోలేను.

నీకు బాధగా ఉంటుందని తెలుసు. బాధపడు, తప్పులేదు. కానీ ఈ ఉత్తరం చదివాక దానికి ఫోన్ చెయ్యి. ఎందుకిలా చేశావని అడక్కు. మీ సంఘాలవాళ్ళు ఒకరినొకరు మొదట అడిగే మాటే అడుగు: "వరసలో ఎన్నోదానివి?" అని.

ఆఖరిదాన్ని అంటుంది. అప్పుడు నువ్వేం చెప్పాలో నీకు తెలుసు. నీ వరసలో నువ్వూ ఆఖరిదానివేగా.

ఇట్లు,
మీ ఇద్దరినీ చూసుకుని ఛాతీ పట్టని కోటుతో తిరుగుతున్న,
నీ మొగుడు,
రోస్కో