మామయ్య ఏ వరుసలో?

ప్రియమైన చిట్టీ,

వైద్య పరిశోధనల మంచిచెడ్డలు తూచే మీ కమిటీ నివేదిక అందింది. గుండె కవాటం ఆపరేషన్ మీద నేను ఇన్నేళ్ళు చేసిన పరిశోధన పక్కన "పక్షపాతం: తీవ్రం" అని రాసింది నువ్వేనని తెలిసి ఒళ్ళు మండిపోయింది. నేనెవరి పక్షం వహించానే? ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, మందులతో సరిపెట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువకాలం బతికారు. కళ్ళెదుట కనబడిందే రాశాను.

మామయ్యను పొట్టనపెట్టుకున్న జబ్బే ఇప్పుడు అత్తయ్యకూ వచ్చింది. ఆపరేషన్ అంటే ముందే బెదురుతోంది. నీ రాత చూసి మానేసిందంటే ఆ పాపం నీదే.

కోపంగా, అయినా నీ
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యా,

తక్కెడ ఒకవైపు మొగ్గుతోందంటే కొట్టువాణ్ణి దొంగ అన్నట్టా? నేను పక్షపాతం అన్నది నీ లెక్కని. ఎవరికి ఏ వైద్యమో చీటీలు తీసి తేల్చలేదు, నువ్వే ఎంచావు. తమంతట తాము మెట్లెక్కి నీ గదికొచ్చినవాళ్ళకు ఆపరేషన్, ఎవరో కుర్చీలో మోసుకొస్తే వచ్చినవాళ్ళకు మాత్రలు. గట్టివాళ్ళు ఎక్కువకాలం బతికితే ఆ గొప్పంతా నీ కత్తిదేనా?

అంతకంటే నా కడుపు మండించిన సంగతి ఇంకొకటుంది. ఆపరేషన్ ఖాయమై, వంతు రాకముందే పోయినవాళ్ళను ఏ వరుసలో వేశావు? కమిటీ తరఫున అడిగితే నీ ఆఫీసు పలకలేదు. చెల్లెలిగా అడుగుతున్నాను. మామయ్య ఏ వరుసలో ఉన్నాడు?

నీ
చిట్టి

అన్నయ్యా,

జవాబు రాయవేం? నీ పరువు సంగతి తర్వాత చూసుకుందాం. నీ లెక్క నమ్మి అత్తయ్య పరీక్షలకు వస్తానందట. ఆమె ఆపరేషన్ బల్ల ఎక్కేలోపు నాకు తెలియాలి.

చిట్టి

ప్రియమైన చిట్టీ,

మామయ్య మందుల వరుసలోనే ఉన్నాడు. ఇంకెక్కడ ఉంటాడు? ఆయనకు ఆపరేషన్ జరగలేదుగా. జరిగినవాళ్ళు ఇటు, జరగనివాళ్ళు అటు. ఈ మాత్రం తెలియనివాళ్ళు కమిటీల్లో ఎలా కూర్చుంటారో.

ఇంతవరకు రాసి, కాగితం బల్లమీదే వదిలేసి వార్డుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అత్తయ్య నా కుర్చీలో కూర్చుని ఉంది. పరీక్షలకని వచ్చి, నీ ఉత్తరాలూ నా జవాబూ చదివేసింది.

"ఆయన బట్టల సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకున్నాడురా, నువ్వెప్పుడు పిలుస్తావా అని," అంది. "నీ పిలుపు కోసం కాచుకునే పోయాడు. ఆ చావు తీసుకెళ్ళి మందుల నెత్తిన రుద్ది, అది చూపించి నన్ను రమ్మన్నావా?"

ఆమె పరీక్షలు చేయించుకోకుండానే వెళ్ళిపోయింది.

వంతు కోసం ఎదురుచూస్తూ పోయినవాళ్ళందరినీ ఆపరేషన్ వరుసలోకి మార్చి మళ్ళీ లెక్క కట్టాను. రెండు వరుసలకూ పెద్ద తేడా మిగల్లేదు. నా పరిశోధన వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, దాన్ని అచ్చువేసిన వైద్య పత్రికకు రాశాను.

నిన్న అత్తయ్య ఇంటికి వెళ్ళాను. ఆపరేషన్ మంచిదా, మందులు మంచివా అని అడిగింది. నాకింకా తెలియదన్నాను. అయితే తెలిసినప్పుడు రమ్మంది. చెప్పులేసుకోబోతే గుమ్మం దగ్గర కాలికి ఏదో తగిలింది. మామయ్య సంచి. ఇంకా విప్పలేదు.

అన్నయ్య