రెండు దిక్కుల రూలు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన గచ్చిబౌలి అపార్ట్‌మెంట్‌ల నువ్వు కుదిర్చిన ఒప్పందం ఇంకా నడుస్తున్నది. ఒక ఏడు ప్రెసిడెంట్ తెలంగాణాయన, సెక్రటరీ ఆంధ్రాయన, మరుసటేడు అటుదిటు; తక్కిన కమిటీ సీట్లు రెండు దిక్కులకు చెరిసగం. కొట్లాటలు ఆగినయ్, నిజమే.

నిన్న మీటింగ్‌ల మినతి కమిటీకి నిలబడతనన్నది. ఒడిశా నుంచి వచ్చి పక్క ఫ్లాట్ కొనుక్కున్న నర్సు, ఆఖరి రోజుల్ల నీకు సూదులేసిన పిల్ల.

"మీరు ఎవరి దిక్కు?" అన్నడు ప్రెసిడెంట్.

"ఈ బిల్డింగ్ దిక్కే."

"అలాగైతే మీకు సీటు లేదండి," అని సెక్రటరీ నవ్విండు. లిఫ్ట్ రిపేరుకు కలవనోళ్లు గప్పుడు ఒక్కటైండ్రు.

నేను లేచి గట్టిగ అడిగితే, "మీ అన్న పెట్టిన రూలే గదా," అన్నరు.

మూడో మనిషి వస్తదని నీకు తోచలేదా?

పొద్దున మినతి నీ ఫోటోకు దండ తెచ్చింది. బల్ల మీదనే ఉన్నది. నా కోపం తగ్గినంక వేస్త.