నీళ్ళ వేడి చూసే చెయ్యి

పిస్కాటవే

చిరంజీవి సౌభాగ్యవతి హంసికకు అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నాన్నా క్షేమమే అనుకో. నువ్వూ, అల్లుడు నీల్, కడుపులో ఉన్న బుజ్జిపండూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేయకుండా కాగితమెందుకని నవ్వకు. ఫోన్‌లో నీ గొంతు వినగానే నా నోటికి అబద్ధం వచ్చేస్తోంది. సండే స్కూల్లో నేర్చుకున్న తెలుగుతోనే నెమ్మదిగా కూడబలుక్కుని చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. సున్నుండలు పంపాను, నీల్ ఒక్కడే ఖాళీ చేయకుండా చూసుకో. కాళ్ళ వాపులకి కాళ్ళ కింద దిండు పెట్టుకో, అయినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించు. "అమ్మా, నువ్వు షాంటిలీకి, మా ఇంటికి ఎప్పుడు వస్తుంది? నాన్నతో ఫైటా?" అని రాశావు. నీ తెలుగు మండ! ఫైటేమీ లేదు.

నీ థీసిస్ చాప్టర్ డిక్షనరీ పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండ్, ఊరి బయట కుష్టు రోగుల ఆసుపత్రి. వాళ్ళని తరిమేసేవారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తోటలూ, చర్చీ, పూటపూటా భోజనమూ, పైగా అక్కడ చోటు కోసం సిఫారసులూనా! ఆరోగ్యంగా ఉన్న సిస్టర్లు అక్కడే ఉండి రోగులకి స్నానాలు చేయించేవారని రాశావు. రోగికి వేడి తెలియదు గనక ముందు సిస్టరే నీళ్ళలో చెయ్యి పెట్టి చూడాలట. ఆ మాట దగ్గర ఆగిపోయి ఏడ్చాను.

ఎలా చెప్పనే తల్లీ? నా కుడిచేతి మీద మచ్చ ఎండకి వచ్చిందన్నాను చూడు, అది ఎండ మచ్చ కాదు. మొన్న చెయ్యి కుక్కర్‌కి తగిలితే కాలిన వాసన వచ్చింది గానీ మంట తెలియలేదు. డాక్టరమ్మ చిన్న ముక్క తీసి టెస్ట్ చేయించింది. నువ్వు రాసిన జబ్బే.

మందులు మొదలయ్యాయి. ఇంక ఎవరికీ అంటదు, పాపని హాయిగా ఎత్తుకోవచ్చు అందావిడ. నాకే నమ్మకం చాలక కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నాను. నాన్న చూసి, "ఏంటే ప్రసూనా ఈ డ్రామా? డాక్టర్ ఓకే చెప్పింది కదా!" అని నా గ్లాసులోనే కాఫీ తాగేశారు. ఆ రోజు నుంచి ఆయన తుమ్మినా నాకు గుండె దడే.

అంటదు, సరే. మరి పసిదానికి స్నానమో? కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి నీళ్ళు పోయాలి. నీకలాగే పోశాను. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఈ చేతికి తెలియదు హంసీ. ఎడమచేతికి ఇవాళ తెలుస్తోంది, రేపటి మాట ఎవరు చెప్పగలరు? ఆ లేత ఒంటి మీద... ఇంక రాయలేను. అందుకే నువ్వు రమ్మన్నప్పుడల్లా కార్ రిపేర్ అనీ, నాన్నకి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ అనీ వంకలు చెప్పాను.

నీల్‌కి చెప్పాలో వద్దో నీ ఇష్టం. నన్ను రావద్దంటే బాధపడనని రాయబోయాను. పడతాను. చాలా బాధపడతాను.

రమ్మంటే మాత్రం వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. నువ్వు నా పక్కనే స్టూల్ వేసుకుని కూర్చో. ప్రతి చెంబులోనూ ముందు నీ చెయ్యి పెట్టి, "సరిపోయిందమ్మా" అను. అప్పుడు పోస్తాను.

ఇట్లు,
పోస్ట్ వచ్చే వేళకి గుమ్మంలోనే నిలబడుతున్న
మీ అమ్మ