బాపుకు నేర్పిన డైలాగు

ఆదివారం, రాత్రి

కరోనాల మా ఫార్మసీ కాలేజీకి తాళం పడితే, పేషెంటుతో మాట్లాడే ప్రాక్టికల్ గూడ ఫోన్ల వీడియోలనే అయింది. పేషెంటు వేషం బొగ్గుబాయి డ్యూటీ దిగొచ్చిన మా బాపుది. "దగ్గు రెండు రోజులే సార్, ఫికర్ లేదు" అని డైలాగు నేర్పిన దర్శకరత్నాన్ని నేనే. నడుమ ఎంత బాగ దగ్గిండో! సారు మురిసిపోయి నాకు ఫుల్ మార్కులేసిండు.

ఇన్నేండ్లకు ఇయ్యాల దవాఖానల డాక్టరమ్మ అడిగితే బాపు చేతులు కట్టుకొని మళ్ల అదే డైలాగు. నెలల సంది ఉన్న దగ్గాయె!

"గిదేంది బాపు?"

"నువ్వు నేర్పిందే గద కొడుకా. అప్పుడు పాసైనం."

నేను అసలు సంగతి చెప్తే ఎక్స్‌రే రాసింది. రేపు తియ్యాలె.

ఆనాటిది నటనేనా? అప్పుడు అడగాలని ఈ పట్టభద్రునికి తోచనేలేదు.

పక్క అర్రల దగ్గుతనే ఉన్నడు. ముందట కెమెరా గూడ లేదు.