బోల్టు నా సంచిలో ఉంది

ఒరే క్లైడ్,

పొయ్యి మీద బీన్స్ ఉన్నాయి, వేడి చేసుకో. తుపాకీ గోడకే ఉంది గానీ పేలదు. దాని బోల్టు తీసి నా సంచిలో వేసుకుని చర్చికి పోతున్నాను.

నిన్న నేను ఆవులకు ఉప్పుదిమ్మ పెడుతుంటే తుపాకీకి బిగించిన కొత్త స్కోపులోంచి నన్ను చూశావు. "ఎవరో చూద్దామని అమ్మా, తూటా లేదులే" అని నవ్వావు. మీ డెల్ బాబాయిని చంపింది తూటా లేదనుకున్న తుపాకీయే. మనుషుల్ని చూడ్డానికి మేకుకు బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి.

నేను వచ్చాక నా కళ్ళెదుటే స్కోపు మరలు బిగించి, మట్టిగట్టుకు కాగితం పెట్టి గురి సరిచూసుకో. అందాకా నేల ఉడతల్ని కాల్చక్కర్లేదు, పచ్చికంతా తవ్వినా తవ్వనీ.

అమ్మ

ఇంకోటి. నా ముఖం పుట్టుమచ్చతో సహా కనబడిందన్నావు. మరి నా భయం కూడా కనబడే ఉంటుంది. అయినా తుపాకీ వెంటనే దించలేదేం?