చిన్నూ చేసిన దారి

అక్కా,

నువ్వు పోయాక నీ కొడుకు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు నేను వెళ్లడం ఇవాళే మొదలు. స్కూలు మైదానంలో ముందు వరసలో కూర్చున్నాను. నువ్వు నేర్పినట్టే బంతి వైపు చూడకుండా మన చిన్నూనే చూశాను. ఆట మొదలవగానే వాడు ఎడమ పక్క నుంచి తన జట్టువాళ్ల వెనకగా కుడి పక్కకు పరుగెత్తి, అడ్డొచ్చినవాడిని భుజంతో నెట్టేశాడు. అలా దారి చేయడమే వాడి పని; ఆ సందులోంచే బంతి చేత పట్టుకున్న పిల్లవాడు పరుగెత్తి గీత దాటాడు. చప్పట్లన్నీ ఆ పిల్లవాడికే.

పక్కన కూర్చున్న మరో పిల్లవాడి తల్లి సుధగారు నవ్వుతూ, "మీవాడు బంతి ముట్టుకోడా? ఊరికే తోసుకోవడమేనా?" అన్నారు. అంత చదువుకున్న ఆవిడకు బదులు చెప్పడానికి బిడియపడి, "వాడికింకా ఆట సరిగా రాదండీ" అనేశాను. తలెత్తి చూస్తే, నీళ్ల కోసం కంచె దగ్గరకొచ్చిన చిన్నూ నన్నే చూస్తున్నాడు.

కార్‌లో ఇల్లు దగ్గరపడ్డాక వాడు అడిగాడు.

"పిన్నీ, అమ్మ కూడా అలాగే చెప్పేదా? నాకు గేమ్ రాదని?"

"లేదు నాన్నా. నువ్వేం చేస్తావో అమ్మకి బాగా తెలుసు."

నాకూ తెలుసన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తెలిసే అలా అన్నానని వాడికెలా చెప్పను అక్కా?