పలకని మెట్టు

అక్కా,

అమ్మకు ఇంకా చెప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను. సంగీతం పరీక్ష తప్పాను.

మన చర్చి ఆర్గన్ నడుమ ఒక మెట్టు నొక్కినా పలకదు, గుర్తుందా? నేను పుట్టకముందు నుంచీ అంతే. మాస్టారు అక్కడికి రాగానే వేలు పైకెత్తి, క్షణం ఆగి, తర్వాతి స్వరానికి వెళ్తారు. ఆరేళ్లు ఆయన పక్కన కూర్చుని నేనూ అలాగే ఎత్తాను. 'ఇక్కడ పాట ఊపిరి తీసుకుంటుంది' అని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో!

పరీక్ష హాల్లో ఆర్గన్ కొత్తది, అన్ని మెట్లూ పలుకుతాయి. నేను మాత్రం ఒకే కీర్తనలో ఐదుసార్లు అక్కడ వేలెత్తాను. పరీక్ష పెట్టే ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, "ఏమ్మా, ఆ మెట్టుతో ఏమన్నా తగాదానా?" అన్నారు. వెనక అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

మాస్టారు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా? రేపు వెళ్లి, ఇక పాఠాలకు రానని చెప్పేస్తాను.

నీ చిట్టెలుక


అక్కా,

చెప్పడానికే వెళ్లాను. మాస్టారు అంతా విని, "నేను వదిలేస్తున్నానా? ఎక్కడ?" అన్నారు. ఎగతాళి అనుకుని, వాయించి చూడమన్నాను. వాయించారు. వేలు లేచింది. ఆ వేలినే చూసుకుంటూ మళ్లీ వాయించారు, మళ్లీ లేచింది. మొదట్లో కావాలనే తప్పించేవారట, పోనుపోను ఆ సంగతే మరిచిపోయారు. "బాగుచేసేవాడు వచ్చే వారం వస్తానన్నాడే!" అన్నారు. ఆ వారం వెళ్లి ఇరవై రెండేళ్లు.

మర్నాడే వేరే మనిషిని పిలిపించారు. లోపల చిన్న కర్రపుల్ల విరిగిందంతే, పావుగంట పని.

ఆదివారం నన్నే వాయించమన్నారు. పళ్లు బిగించి ఆ మెట్టు నొక్కాను. పలికింది. కానీ పాడేవాళ్లంతా అలవాటు కొద్దీ అక్కడ ఆగారు. ఆ స్వరం ఒక్కటే చర్చి నిండా మోగింది.

"తప్పు వాయించిందే పిల్ల!" అంది ముందు బెంచీ మామ్మ, అందరికీ వినబడేలా.

మాస్టారు లేచి నిలబడ్డారు. "పిల్ల సరిగ్గానే వాయించింది మామ్మగారూ. ఇన్నేళ్లూ తప్పు నాది."

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన వాయిస్తుంటే నేను పక్కన పెన్సిలు పట్టుకుని కూర్చుంటున్నాను. వేలెత్తితే దాని మీద ఒకటి వేయాలని ఆయన ఆజ్ఞ. తర్వాత పెన్సిలు ఆయన చేతికి మారుతుంది. నిన్న ఆయనకు మూడు దెబ్బలు, నాకు ఒకటి.

అమ్మకు చెప్పేశాను. మళ్లీ పరీక్షకు దరఖాస్తు పెట్టాను. నోటుపుస్తకంలో ఆ వాక్యం కొట్టేయలేదు. కింద 'మెట్టు చెడిపోవడం వల్ల' అని చేర్చాను.

నీ చిట్టెలుక